ఇంటికి వాహనము: కొత్తదా, వాడినదా?

ఈ పుటలో పిల్లల చదువులను గూర్చియు, పెండ్లి ఖర్చులను గూర్చియు వ్రాసియున్నాము గాని, కారును గూర్చి వ్రాయుదుమని మేమెన్నడు అనుకొనలేదు. 2025లో శనగ విత్తు దినములలో ఒక కుటుంబము మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్నయే ఇందుకు కారణము. బనగానపల్లె చుట్టుపట్ల పల్లెలలో ఇప్పుడు అనేక ఇండ్లలో ఇదే ప్రశ్న నలుగుచున్నది గనుక, వారితో కూర్చుండి మేము చూచిన లెక్కను మీ ముందుంచుచున్నాము.

ఆయన శనగ రైతు, కొద్ది మామిడి చెట్లు కూడ ఉన్నవి. ఆయన భార్యకు మూత్రపిండములు చెడినవి. వారమునకు రెండుసార్లు నంద్యాలలో డయాలసిస్. కుమారుడు బెంగుళూరులో ఉద్యోగము. కోడలు ఇద్దరు పిల్లలతో అత్తగారి యొద్దనే యుండి ఆమెను చూచుకొనుచున్నది. ఇప్పటివరకు బాడుగ బండిలో పోయి వచ్చుచున్నారు.

"అయ్యగారూ, మీరే చెప్పండి. వీడు కొత్తదంటాడు, నేను పాతదంటాను. నాల్గు దినాల నుంచి ఇంట్లో అన్నం దిగడంల్యా" అనెను ఆ పెద్దాయన.

కుమారుడు ఊరకుండలేదు. "మన సీమలోనే కార్లు చేస్తాండారు, మనం ఎవరో వాడిన్ది కొనేదేంది నాయనా?"

ఆ అబ్బాయి మాటలో కొంత గర్వము, కొంత న్యాయము ఉన్నవి. పెనుగొండ దగ్గర ఎర్రమంచిలో కియా కంపెనీ కర్మాగారమునకు 2017 ఏప్రిల్‌లో ఒప్పందము జరిగినది. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్, 2020 సెప్టెంబరులో సోనెట్ అమ్మకమునకు వచ్చినవి. కరవు సీమ అని పేరుపడిన నేల నుండి కార్లు రైలెక్కి దేశమంతట పోవుచున్నవనిన ఎవరికైనను సంతోషమే. అయితే కారు ఎక్కడ తయారైనను దాని వాయిదా మాత్రము మన ఇంటిలోనే కట్టవలెను గదా.

మేము మొదట అడిగిన ప్రశ్న వేరు. "బండి ఎవరు నడుపుతారు?" అంటిమి. ముగ్గురును ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. తండ్రికి నడుపుట రాదు. కుమారుడు నెలకొకసారి వచ్చును. డయాలసిస్ వారమునకు రెండుసార్లు. అప్పుడు తలుపు దగ్గర నిలిచియున్న కోడలు మెల్లగా, "నేను నేర్చుకుంటాను అయ్యగారూ" అన్నది. మామగారు నేలవైపు చూచెను గాని వద్దనలేదు. ఆ మాటతోనే సగము సంగతి తేలినది. నడుపువారు ఇంటిలో లేని వాహనము వేపచెట్టు క్రింద దుమ్ము పట్టి నిలుచుటను మేము చాలా ఇండ్లలో చూచియున్నాము.

ఇక ఎటువంటి బండి? ఆటోలో ఎక్కవలెనన్న కాలెత్తి పైకి లేవవలెను. క్రిందికి ఉండు చిన్న కారులోనికి దిగి కూర్చుండవలెను, మరల లేచుటకు ఒకరు చేయి పట్టవలెను. డయాలసిస్ అయిన తరువాత రక్తపోటు తగ్గి మనిషి తూలునట్లుండును. నడుము ఎత్తున సీటుండి, ప్రక్కకు జరిగి కూర్చుండగల వాహనము ఆమెకు కావలెను. అందుకే చిన్న ఎస్‌యూవీ అను వారి కోరికను మేము ఆడంబరమని కొట్టివేయలేదు. "బండిని చూడబోవునప్పుడు అమ్మను కూడ తీసికొనిపోయి ఎక్కించి, దించి చూడుడి" అని చెప్పితిమి.

ఈ చిన్న ఎస్‌యూవీలు మన దేశములో ఇంతగా పెరుగుటకు కారణము పన్ను. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 సీసీలకు మించని ఇంజను గల చిన్న కార్లకు 2006 బడ్జెటులో పన్ను తగ్గించిరి. కంపెనీలు ఆ నాలుగు మీటర్ల లోపలనే ఎత్తైన బండ్లను ఇమిడ్చినవి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, ఆ పిమ్మట సోనెట్ వచ్చినవి. పేరు ఎస్‌యూవీ యే గాని, వీటిలో ఇంజను బలము ముందు రెండు చక్రములకే పోవును. జీపనుకొని వాన పడిన నల్లరేగడిలో దించినవారు ఎద్దులను పిలువవలసి వచ్చును. నాపరాళ్ల గనుల దారులకును, గతుకుల మట్టిబాటకును ఆ ఎత్తు సరిపోవును. అంతకు మించి ఆశింపరాదు. కప్పుమీద అద్దపు కిటికీ ఉన్న రకమునకు ఎక్కువ ధర పెట్టుచున్నారు. మన మే నెల ఎండలలో నెత్తిమీద అద్దము ఎవరికి కావలెనో మాకర్థము కాలేదు.

2025 సెప్టెంబరు 22 నుండి ఈ చిన్న కార్లమీద జీఎస్టీ 18 శాతమైనది. మునుపు పెట్రోలు బండికి సెస్సుతో కలిపి 29, డీజిలు బండికి 31 శాతముండెను. పన్నుకు ముందు 8 లక్షల ధర గల పెట్రోలు బండి అప్పుడు 10,32,000 రూపాయలు, ఇప్పుడు 9,44,000. అనగా 88 వేలు తగ్గినది. ఆ పైన జీవితపన్ను, రిజిస్ట్రేషను, భీమా చేరును. కాబట్టి కుమారుడు కొత్తదే కొందమనుట మునుపటికంటె ఇప్పుడు కొంత న్యాయమైనది. అంతేకాదు, వాడిన బండి అమ్మువాడు "నేను కొన్నప్పుడు ఇంత పెట్టినాను" అని పాత ధర చెప్పిన యెడల, ఆ బండి నేటి కొత్త ధరను కనుగొని అక్కడనుండి క్రిందికి బేరమాడవలెను. ఈ సంగతి తెలియక పాత లెక్కకే డబ్బిచ్చి వచ్చువారున్నారు.

గోపురము కట్టబోయినవాని సంగతి మన పాఠకులకు తెలిసినదే. మేము కూడ కాగితము తీసికొని కూర్చుంటిమి. వారి ఊరినుండి నంద్యాలకు పోయి వచ్చుటకు 90 కిలోమీటర్లు. వారమునకు 180, నెలకు సుమారు 780. బాడుగ ఒక్కొక్క పర్యాయమునకు 1,800 చొప్పున నెలకు 15,600 రూపాయలు పోవుచున్నది. ఈ సంఖ్య వ్రాసినప్పుడు పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకొనెను. ఎప్పటికప్పుడు ఇచ్చుటయే గాని ఆయన ఎన్నడును కూడి చూడలేదు.

చేతిలో 4 లక్షలున్నవి. కుమారుడు కోరిన కొత్త బండి రోడ్డుమీదికి వచ్చుసరికి 12 లక్షలు. తక్కిన 8 లక్షలు 9 శాతము వడ్డీకి ఐదేండ్లకు తీసికొనినయెడల నెలకు 16,607 రూపాయల వాయిదా. ఏడేండ్లకు సాగదీసిన 12,871 అగును గాని, వడ్డీ 1,96,000 నుండి 2,81,000 దాటును. వాయిదా తగ్గినదని సంతోషించువారు ఈ రెండవ సంఖ్యను చూచుట అరుదు.

నాలుగేండ్ల వయసుగల వాడిన బండి 7 లక్షలకు దొరికినదనుకొందము. 3 లక్షలు అప్పు. వాడినదానికి వడ్డీ ఎక్కువ, 12 శాతము వేసితిమి. నాలుగేండ్లకు నెలకు 7,900. లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోలు 110 రూపాయలు అనుకొనిన నెలకు 5,720. భీమాకు, సర్వీసుకు, టైర్లకు నెలకు 2,000 తీసిపెట్టవలెను. మొత్తము 15,620. బాడుగకు ఇచ్చుచున్న దానికి ఇరువది రూపాయలు ఎక్కువ! కొత్తదానికి అదే లెక్క 24,300 దాటును. ఆ తేడా ఎనిమిదివేల ఏడువందలు ఎవరు కట్టవలెను? శనగ అమ్మిన డబ్బు ఏడాదికొకసారి వచ్చును. మామిడి గాలివానకు రాలినచో రాదు. వాయిదా మాత్రము నెల తప్పదు. కుమారుని ఉద్యోగము మీదనే ఆ భారమంతయు పడును. ఉద్యోగములు ఎట్లున్నవో బెంగుళూరులో పిల్లలున్న తలిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు.

ఇది ఆ ఇంటి లెక్క. నెలకు మూడు వందల కిలోమీటర్లు కూడ తిరుగని ఇంటికి, బాడుగ బండియే అన్నిటికంటె చవుక. ఆదివారము గుడికిని, పెండ్లిండ్లకును పోవుటకు ఏడు లక్షలు పెట్టవలసిన అవసరము మాకు కనబడదు.

డీజిలు మాట కూడ వచ్చినది. "డీజిల్ మైలేజీ" అనునది మన పల్లెలలో పాత నమ్మకము. డీజిలు బండి 1,20,000 ఎక్కువ అనుకొందము. పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 33 పైసలు, డీజిలు లీటరు 97కు, 20 కిలోమీటర్లు వచ్చినయెడల 4 రూపాయల 85 పైసలు. ఆ ఎక్కువ డబ్బు తిరిగివచ్చుటకు 48 వేల కిలోమీటర్లు నడువవలెను. నెలకు 500 తిరుగువారికి ఎనిమిదేండ్లు. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్6 డీజిలు బండ్లలో పొగమసిని పట్టు జల్లెడ యున్నది. అది బాగుగా వేడెక్కి మసి కాలిపోవలెనన్న బండి కొంతసేపు ఆగక వేగముగా నడువవలెను. ఊరిలోనే రెండు మూడు కిలోమీటర్లు తిరుగువారికి అది మూసుకొనిపోయి పెద్ద ఖర్చు తెచ్చును. ఈ కుటుంబము నంద్యాల రోడ్డున పోవునది గనుక డీజిలు వారికి చెడ్డదని మేము అనలేదు. కాని మునుపటి యజమాని ఎట్లు నడిపెనో తెలియని డీజిలు బండి కంటె పెట్రోలుదే మేలని మా అభిప్రాయము. పెట్రోలులోను ఒకటి చూడవలెను: 20 శాతము ఇథనాల్ కలిసిన పెట్రోలే ఇప్పుడు అంతటను వచ్చుచున్నది. 2023 ఏప్రిల్ తరువాతి బండ్లు దానికి అనుకూలముగా చేసినవి. అంతకు ముందటి వాటిలో మైలేజీ కొంత తగ్గును, రబ్బరు గొట్టములను మెకానిక్కుతో చూపించుకొనవలెను.

ఇక కాగితముల సంగతి. ఇది మేము కన్నీళ్లతో నేర్చుకొన్న పాఠము గనుక కొంచెము విపులముగా వ్రాయనిండు.

మాకొక పాత ఓమ్ని వ్యానుండెను. 2016లో దానిని ఒకరికి అమ్మితిమి. ఆయన పూర్తిగా డబ్బిచ్చెను. మేము ఫారము 29, ఫారము 30 మీద సంతకములు చేసి, తాళముతోపాటు ఇచ్చి, "పేరు మార్పించుకొండి" అని పంపితిమి. మంచి మనిషే. ఆయన దానిని ఇంకొకరికి అమ్మెను. 2018 చివర మా ఇంటికి కోర్టు నోటీసు వచ్చినది. ఆ వ్యాను ఒక మోటారుసైకిలును గుద్దగా ఒక కూలిమనిషి కాలు విరిగినది. భీమా గడువు తీరియున్నది. రిజిస్టరులో మా పేరే యున్నది. సరిగా ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఇటువంటి వ్యాజ్యములో, బండి ఎన్ని చేతులు మారినను రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని తీర్పు చెప్పియున్నది. మా వకీలు ఆ సంగతి చెప్పినప్పుడు మాకు నోట మాట రాలేదు. రెండేండ్లు తిరిగి, చివరకు లోక్ అదాలత్‌లో రాజీపడితిమి. మా వంతు లక్షా పదివేలు. మా సతీమణి గాజులు బ్యాంకుకు పోయినవి. ఆ కూలిమనిషి మీద మాకు కోపము లేదు. అతనికి ఆ డబ్బు న్యాయముగా రావలసినదే. తప్పు మాది. అమ్మినవాడు పదునాలుగు దినములలో రవాణాశాఖకు తెలుపవలెను, కొనినవాడు ముప్పది దినములలో పేరు మార్చుకొనవలెను అని చట్టమున్నది. మేము మర్యాదకు పోయి వెంటబడలేదు.

కాబట్టి ఈ కుటుంబముతో, పేరు మారువరకు పూర్తి డబ్బు చేతికియ్యవద్దని గట్టిగా చెప్పితిమి. ఆర్సీలో అప్పు ఉన్నట్లు బ్యాంకు పేరుండునా, చూడుడి. ఉన్నయెడల ఆ బ్యాంకువారి నిరాక్షేపణ పత్రమును, ఫారము 35ను లేకుండ కదలవద్దు. పోలీసు చలానాలు బాకీ యున్నవేమో ఎమ్‌పరివాహన్ యాప్‌లో మీ పిల్లలే చూడగలరు. భీమా పత్రమును కూడ పదునాలుగు దినములలో మీ పేరునకు మార్చమని అడుగవలెను.

వారు మొదట చూచిన బండి బెంగుళూరుది. కుమారుడే కనుగొనెను. డీజిలు, తళతళ మెరయుచున్నది, లక్షరూపాయలు తక్కువ. వేరే రాష్ట్రపు బండికి అక్కడి నిరాక్షేపణ పత్రము తెచ్చి, మన రాష్ట్రములో జీవితపన్ను మరల కట్టవలెను. ఆ లక్ష చాలవరకు అక్కడికే పోవును. అయినను చూచి రమ్మంటిమి. "సీటు బెల్టును పూర్తిగా, చివరివరకు లాగి చూడుము" అని ఆ అబ్బాయికి చెప్పితిమి. బండిని కడుగువారు పైభాగమునే కడుగుదురు. లోపల చుట్టుకొనియుండు బెల్టు మొదలు ఎవరును కడుగరు. చివర ఎండిన బురద చార కనబడినది. నీళ్లలో మునిగిన బండి. 2022 సెప్టెంబరులో బెంగుళూరును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను వరద ముంచినప్పుడు అనేక కార్లు మునిగినవి. అట్టివి కడిగి రంగువేయబడి దూరపు ఊళ్లకు వచ్చును. వైర్లలో చేరిన తుప్పు ఏడాది తరువాత బయటపడును, అదియు డయాలసిస్‌కు పోవు దారిలో.

తిరిగిన కిలోమీటర్ల అంకెను నమ్మవద్దు, బ్రేకు పెడలు రబ్బరును నమ్ముడి. ముప్పదివేలు తిరిగిన బండికి రబ్బరు నున్నబడదు. టైరుమీద నాలుగు అంకెలుండును. 2321 అనిన 2021వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. దగ్గరలో సర్వీసు చేయువారున్నారా అనునదియు ముఖ్యమే. ఎకోస్పోర్ట్ చవుకగా దొరుకుచున్నది, మంచి బండియే. కాని ఫోర్డ్ వారు 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ మానుకొనుచున్నట్లు ప్రకటించిరి. కర్నూలులోనో నంద్యాలలోనో దానిని చేయగల మనిషిని ముందు వెదకికొని, ఆ తరువాత బండిని వెదకవలెను.

భద్రతను గూర్చి తండ్రి అడిగిన ప్రశ్న మాకు నచ్చినది. "ఎత్తుగా, బరువుగా ఉంటే గట్టిది కదా అయ్యగారూ?" కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ బండ్లను గోడవంటి అడ్డునకు గుద్ది పరీక్షించి నక్షత్రములిచ్చును. 2018 డిసెంబరులో నెక్సాన్, పెద్దల రక్షణ విషయములో, ఐదు నక్షత్రములు పొందిన మొదటి మన దేశపు కారైనది. 2020 జనవరిలో మహీంద్రా ఎక్స్‌యూవీ300 కూడ ఐదు పొందినది. అదే మహీంద్రావారి బొలెరో నియో, చూపునకు కోటవలె ఉన్నను, 2024 ఏప్రిల్‌లో ఒక్క నక్షత్రమే పొందినది. 2023 అక్టోబరు నుండి మన దేశమునకే భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష యున్నది. వాడినది కొనువారు ఆ బండి ఏ సంవత్సరపుదో, ఆ సంవత్సరపు రకమునకు ఎన్ని నక్షత్రములో అడుగవలెను. 2019 ఏప్రిల్ తరువాతి కార్లన్నిటికి చక్రములు బిగిసి జారిపోకుండ కాచు ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి. అంతకు పాతది వద్దని మేము గట్టిగా చెప్పుదుము.

అయినను వెనుక సీటులో బెల్టు పెట్టుకొననివారికి ఐదు నక్షత్రములు ఏమి చేయును? 2022 సెప్టెంబరు 4న సైరస్ మిస్త్రీగారు పాల్ఘర్ దగ్గర ఎంతో ఖరీదైన కారులో వెనుక సీటున కూర్చుండి, బెల్టు లేక, మరణించిరి. పదునాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేనియెడల వెయ్యి రూపాయల జరిమానా యని 2019 నుండి చట్టమున్నది. ఆరాధన ముగియగానే ఐదుగురి బండిలో తొమ్మండుగురు "సర్దుకొంటాం అయ్యగారూ" అని ఎక్కుట మేము ప్రతి ఆదివారము చూచుచున్నాము. నవ్వి ఊరకుంటిమి ఇన్నాళ్లు. ఇక ఊరకుండము.

చివరకు వారు కర్నూలులో ఒక ఉపాధ్యాయుని యొద్ద 2021 నాటి పెట్రోలు బండిని కొనిరి. ధర 6,85,000. ఆయన అప్పు ఇంకను లక్షన్నర మిగిలియుండెను. ఆ లక్షన్నర ఆయన చేతికియ్యక, ఇద్దరును బ్యాంకుకు పోయి ఆ అప్పు ఖాతాలోనే కట్టిరి. బ్యాంకు పత్రము వచ్చుటకు మూడు వారములు పట్టినది. కుమారుడు విసుగుకొనెను గాని తండ్రి కదలలేదు. కొనకముందు అమ్మను ఎక్కించి చూచిరి. ఆమెకు డయాలసిస్ సూది గుచ్చు నరము ఎడమచేతిలో ఉన్నది, దానిమీద ఒత్తిడి పడరాదు. వెనుక కుడిప్రక్కన కూర్చుండినయెడల బెల్టు కుడి భుజము మీదుగా వచ్చునని ఆమెయే కనిపెట్టి చెప్పినది. మాకు ఆ ఆలోచన తోచలేదు.

కోడలు నేర్చుకొనువారి లైసెన్సు తీసికొని, ముప్పది దినములు గడచిన తరువాత పరీక్షకు పోయి, రెండవసారికి నెగ్గినది. అంతవరకు ఊరిలోని ఒక డ్రైవరు నడిపెను. ఆర్సీ తండ్రి పేరున వచ్చినది. ఆయన దానిని భూమి పాసుపుస్తకముతోపాటు పెట్టెలో పెట్టి తాళము వేయగా, "బండిలో ఉండాల మామా అది" అని కోడలు నకలు తీయించి పట్టుకొనిపోయినదట. ఆమె మొదటిసారి నడిపిన దినమున అత్తగారు పాణ్యం దాటువరకు ముందు సీటును రెండు చేతులతో పట్టుకొనియే కూర్చున్నదట. రెండవ వారము వచ్చునప్పుడు నిద్రపోయినదట.